ముప్పయ్యయిదేళ్ల రెండు నెలలు

పావగడ బస్టాండు వెనుక ధనంజయ నడిపే జెరాక్స్ అంగడిలో, కంప్యూటరు ముందున్న చెక్క స్టూలు మీద చైత్రను కూర్చోబెట్టి కిందటి వారం మనం ఇవతలికి వచ్చాము. దరఖాస్తులోని పదకొండు గడులలో పదింటిని ఆమె నింపింది. వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ పట్టం పుచ్చుకొని అయిదేళ్లు దాటకూడదన్నారు. ఆమెకు మూడేళ్లే అయింది. పేరున్న పత్రికలలో రెండు పరిశోధన వ్యాసాలు ఉండాలన్నారు, ఉన్నవి. ఇద్దరు ఆచార్యుల సిఫారసు లేఖలు, రెండేళ్లలో చేయదలచిన పనిని వివరించే అయిదు పుటల ప్రతిపాదన, అన్నీ సంచిలో ఉన్నవి. విశ్వవిద్యాలయం వారికి కావలసిన పోస్ట్ డాక్టరల్ పరిశోధకులు ఒక్కరే. సోలార్ పార్కు పలకల నీడన మొలిచే గడ్డిని గూర్చి, ఆ గడ్డిని మేసే గొర్రెలను గూర్చి ఆ పరిశోధన. రాయచెర్లు పక్కన గొర్రెల కాపరుల హట్టిలో పుట్టి, ఆ గడ్డి మీదనే సిద్ధాంత గ్రంథం రాసిన పిల్లకు అంతకంటె తగిన పని మరొకటి లేదు.

పదకొండవ గడిలో పుట్టిన తేదీ పెట్టగానే తెర మీద ఎర్రని అక్షరాలు నిలిచాయి. చివరి తేదీ నాటికి వయస్సు ముప్పయ్యయిదేళ్లు మించరాదు. పదో తరగతి మార్కుల కార్డు ప్రకారం ఆమెకు ముప్పయ్యయిదేళ్లు నిండి రెండు నెలలు. స్త్రీలకు మూడేళ్ల సడలింపు ఉంటుందని ఆమె ధీమాగా ఉండినది. ఆ సడలింపును కలుపుకొనే ముప్పయ్యయిదు అన్న పంక్తి ప్రకటన అడుగున చిన్న అక్షరాలలో ఉన్నది. ఎన్నో గ్రంథాలను పంక్తి విడవకుండా చదివిన ఆమె ఆ ఒక్క పంక్తిని చదవలేదు. గడువు మరి మూడు దినాలు.

ధనంజయ హట్టి బడిలో ఒకటో తరగతి నుంచి ఆమెతో కలిసి చదివినవాడు. తెర వైపు కాసేపు చూసి, నవ్వించబోయి ఒక మాట అన్నాడు.

“మన క్లాసులో ముప్పైమందిమీ జూన్ ఒకటో తేదీనే పుట్టినాము చైత్రా. మేష్ట్రు ఒక్క గీత గీసి అందరినీ ఒకే దినం కనేసినాడు. నీ ఒక్కదానికే ఏప్రిల్ తొమ్మిది యాడ నుంచి వచ్చె?”

ఆ మాటే ఆమెను ఇంటికి పంపింది. ముద్ర వేసిన జననపత్రం తనకొక్కతెకే ఉన్నదన్నది చిన్నప్పుడు ఆమెకు గర్వకారణం. షేర్ ఆటోలో రాయచెర్లు దాకా ఆ గర్వాన్నే తిరగవేసి చూసుకుంటూ కూర్చున్నది. దారికి ఇరువైపులా నీలి పలకలు కనుచూపు మేర పరచుకొని ఉన్నవి. గాలి వాటి సందులలో దూరినప్పుడు ఒక సన్నని రొద పుడుతుంది. పరిశోధన నాళ్లలో ఒంటరిగా గడ్డి లెక్కించుకుంటూ ఉండగా ఆ రొదలో ఎవరో తనను పిలిచినట్లు తోచి, రెండు మూడు మార్లు ఆమె “ఆఁ” అని బదులు పలికి, చుట్టూ చూసి, ఎవరూ లేక సిగ్గుపడి ఉన్నది. ఆ సంగతి ఎవరితోనూ చెప్పలేదు.

ఇంటి ముందరి పంచలో తల్లి ఓబమ్మ విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ ఉన్నది. చేను చాలావరకు సోలార్ పార్కుకు గుత్తకు పోయినా, గుట్ట కింద మిగిలిన రెండెకరాలలో ఈ యేడు కూడా విత్తవలెనని ఆమె పట్టు. ప్లాంటులో కలుపు కోసే కూలికి ఉదయం పూట పోయి, మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటుంది. తండ్రి దాసప్ప కాస్త దూరంలో గోడకు ఆనుకొని తాడు పేనుతున్నాడు.

చైత్ర చెప్పులు విడిచి, తల్లి ఎదుట కూర్చొని, ఒక గుప్పెడు కాయలు తన ఒడిలోకి తీసుకున్నది. తాను ఏ దినాలలో పుట్టినదో చెప్పమని మామూలుగా అడిగినట్లే అడిగింది. ఓబమ్మ తల ఎత్తకుండానే ఎప్పుడూ చెప్పే కథ చెప్పింది. శెనక్కాయ పీకే దినాలు. చేనులోనే నొప్పులు వచ్చినవి. పీకిన చెట్లను కుప్ప వేసి ఉంటే ఆ కుప్ప చాటున పిల్ల పుట్టింది. ఒళ్లంతా మన్ను, ఆకు. ఈ కథను చైత్ర నూరుసార్లు విని ఉంటుంది. వినడమే కాని, శాస్త్రం చదివిన బుద్ధితో ఒక్కసారీ దాన్ని తూచి చూడలేదు.

“శెనక్కాయ పీకేది కార్తీకంలో గదమ్మా,” అన్నది ఇప్పుడు. “కార్తీకంలో పుట్టిన పిల్లకు చైత్ర అని పేరు ఎవరు పెట్టినారు?”

ఓబమ్మ వేళ్ల మధ్య కాయ పగలకుండా అట్లాగే నిలిచిపోయింది. ఎవరో పెట్టినారులే, పేరుదేముంది అని గొణిగింది. ఆ గొణుగుడుకు తాడు పేనే చేతులు కూడా ఆగినవి.

“చెప్పేయి ఓబీ,” అన్నాడు దాసప్ప. “చెప్పకపోతే పిల్ల పని పోతాది.”

“నీకు ఇప్పుడు నోరు వచ్చెనా? ఆ దినం గొర్రెలెంబడి మలెనాడుకు పోయి మూడు నెలలకు ఇల్లు చూసిన మనిషివి.”

ఓబమ్మ చేతిలోని కాయను ఒలిచి, గింజలను చేటలో వేసి, పొట్టును చాలాసేపు వేళ్లతో నలిపింది. తరువాత చెప్పింది. ముప్పయి నాలుగేళ్లుగా ఇంట్లో ఎవరూ ఎత్తని మాటను ఆమె పప్పు ధర చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

చైత్రకు ముందు ఒక ఆడపిల్ల. చైత్రమాసంలో, పావగడ ఆసుపత్రిలో పుట్టింది. పేరు ఏమని రాయమంటారని నర్సమ్మ అడిగితే తల్లికి తోచలేదు. ఏ నెలలో పుట్టిందో ఆ పేరే రాస్తానని నర్సమ్మ రాసి, ముద్ర వేసి, కాగితం చేతికిచ్చింది. ఆ పిల్ల తొమ్మిది నెలలు బతికింది. పుష్యంలో, తండ్రి మందతో పడమటి దిక్కున మలెనాడు కొండలకు పోయిన కాలంలో, పోయింది. జ్వరమన్నారు. పొరుగింటి రంగక్క, మరి నలుగురు కలిసి సొంత చేనులోనే గట్టురాయి పక్కన మట్టి చేశారు. పుట్టుక రాయించిన వారికి చావును కూడా రాయించవలెనని తెలియదు. తెలిసినా ఓబమ్మ రాయించి ఉండేది కాదు.

పది నెలలకు శెనక్కాయ కుప్ప పక్కన రెండో పిల్ల పుట్టింది. దీన్నైనా మృత్యువు కంట పడనీయకూడదని రంగక్క ఆ పసిగుడ్డును చేటలో పెట్టి పెంటతిప్ప మీద పడుకోబెట్టింది. ఎవరో పారేసిన పిల్లను ఏరుకొన్నట్లు ఓబమ్మ పోయి గుప్పెడు తవుడు ఇచ్చి తెచ్చుకొన్నది. ముక్కు కుట్టించారు. తిప్పక్క అని పేరు పెట్టారు. ఇట్టి పేరు గల పిల్లను తీసుకుపోవడానికి ఎవరికీ మనసు పుట్టదని నమ్మకం.

ఇంట్లో తనను తిప్పీ అని పిలవడం ముద్దుకు అనుకొన్నది చైత్ర ఇన్నేళ్లు. ఆమె తన ముక్కును తడుముకొన్నది. ఆ రంధ్రం ఎప్పుడో పూడిపోయింది.

“మరి బడిలో?” అన్నది.

బడిలో చేర్చే నాటికి తిప్పక్కకు అయిదేళ్లు నిండలేదు. తల్లి మంద వెంట పోవాలి, పిల్లను చూసే దిక్కు లేదు. వయస్సుకు ఏదైనా కాగితం ఉంటే తెమ్మని మేష్ట్రు అన్నాడు. ఇంట్లో ఉన్న కాగితం ఒక్కటే. అది నర్సమ్మ ఇచ్చినది; అక్షరం రాని ఓబమ్మకు అందులో పేరు కాక ఇంకా ఏమి రాసి ఉన్నదో తెలియదు. ముద్ర ఉన్న కాగితమని తెలుసు, అంతే. మేష్ట్రు దాన్ని చదివి, ఈ పిల్లేనా అని అడిగాడు.

“కాదు అనొచ్చు నేను,” అన్నది ఓబమ్మ. “ఆయప్ప ‘చైత్ర’ అని గట్టిగా సదివినాడు. తొమ్మిది నెలలు నేను తప్ప ఇంకెవ్వరూ పిలవని పేరు అది. మొగోని నోట, ఇస్కూలు గోడల మధ్య వినబడె. తల ఊపేసినా. మర్సనాడు గోడ బయట నిలబడి విన్నా. మేష్ట్రు చైత్ర అని పిల్చె, నువ్వు లేచి ‘హాజర్ సార్’ అంటివి. పది దినాలు మందను దారిలో ఇడిసి వచ్చి ఆ గోడకాడ నిలబడినా.”

చైత్రకు ఆ గోడ జ్ఞాపకమున్నది. కిటికీ కమ్మీల వెనుక తల్లి చీర కొంగు జ్ఞాపకమున్నది. తనను చూడటానికి వచ్చేదనుకొని ఆ పదిదినాలు మరింత గట్టిగా హాజరు పలికిన మాట కూడా జ్ఞాపకమున్నది. ఆ గొంతులో అమ్మ ఎవరి బదులును వింటున్నదో అప్పుడు ఎట్లా తెలుస్తుంది? సంవత్సరానికి ఒకసారి పెద్దల అమావాస్యకు తాతముత్తాతల విస్తళ్ల పక్కన ఒక చిన్న ఆకు వేసి, అందులో పాలన్నం పెట్టి, అది ఎవరికని అడిగితే జవాబు చెప్పకుండా తల్లి లోపలికి పోవడమూ ఇప్పుడే అర్థమయింది.

ఆమె అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. అడగడానికి భయపడింది. చివరికి తండ్రి వైపు తిరిగి ఆ గట్టురాయి ఎక్కడ అని అడిగింది.

దాసప్ప తాడును పక్కన పెట్టి, చేయి చాచి, పలకల వైపు చూపాడు. గుత్తకిచ్చిన చేను. రెండో గేటు లోపల, కాలువ పక్క మూడో వరుస. రాయిని జేసీబీ ఎత్తిపారేసింది కాని చోటు అదే. ఓబమ్మ కలుపు కోసే కూలికి కుదిరినప్పుడు ఆ వరుసను తనకే ఇమ్మని మేస్త్రిని బతిమాలుకొన్నదనీ, ఆ ఒక్క జానెడు చోట కొడవలి పెట్టదనీ ఆయన చెప్పాడు.

ఆ చోటు చైత్రకు తెలుసు. గడ్డిని లెక్కించడానికి చదరపు మీటరు ఇనుప చట్రాన్ని పార్కులో నలభైచోట్ల పరచినప్పుడు, పదిహేడవ చట్రం అక్కడ పడింది. మిగతా చోట్ల లేనంత ఒత్తుగా, మోకాలెత్తున పెరిగిన గడ్డి. ఆ చట్రం ముందు మోకాళ్ల మీద కూర్చొని, ఒక్కొక్క పోచను వేళ్లతో విడదీసి, మూడు ఋతువుల పాటు లెక్క రాసుకొన్నది. పలక అంచు నుంచి రాలే మంచు తడి వల్ల అక్కడ గడ్డి బలిసిందని సిద్ధాంత గ్రంథంలో రెండు పుటలు రాసింది. దాని ఛాయాచిత్రం ఆమె మొదటి వ్యాసంలో అచ్చయింది. ఆ చిత్రంలో గడ్డి మీద వంగిన తన నీడ కూడా ఉన్నది.

చాలాసేపటికి ఆమె ఫోను తీసి ధనంజయతో మాట్లాడింది. ధనంజయ విశ్వవిద్యాలయ కార్యాలయానికి ఫోను చేసి, గంటలో తిరిగి చేశాడు. మార్కుల కార్డులో తేదీ మార్పించడం మూడు దినాలలో అయ్యే పని కాదు. అయితే ఆ తేదీ మరొకరిదనీ, ఆ మరొకరు మరణించారనీ తల్లి అఫిడవిట్ ఇచ్చి, ఆ మరణాన్ని ఇప్పుడైనా నమోదు చేయమని తాలూకా కార్యాలయంలో అర్జీ పెట్టిన రసీదు జతపరిస్తే, దరఖాస్తును తాత్కాలికంగా తీసుకొంటారట. నిజమైన వయస్సు ముప్పయిమూడేళ్ల ఏడు నెలలు, హద్దు లోపలే. కాని కార్యాలయంలోని ఆవిడ ఒక హెచ్చరిక చేసింది. ఇద్దరూ వేరువేరని రుజువు కాకపోతే ఈ కొలువు పోతుంది; రుజువైతే, చైత్ర అన్న పేరున ఇచ్చిన పీహెచ్‌డీ పట్టం ఎవరిదన్న ప్రశ్న, ఇచ్చినవారి ముందుకు పోతుంది.

అంటే, కొలువు దక్కాలంటే చైత్ర చనిపోయిందని రుజువు కావాలి. రుజువైతే పట్టం మీద, వ్యాసాల మీద, ఇరవై ఏళ్ల చదువు మీద ఉన్నది చనిపోయిన శిశువు పేరు. రుజువు కాకపోతే రెండు నెలలు దాటిన వయస్సుతో తలుపు బయట నిలబడాలి. చైత్ర ఇదంతా తల్లికి విడమరచి చెప్పింది.

“నేను వేలు ముద్ర ఎయ్యను,” అన్నది ఓబమ్మ. “చచ్చిపోయిందని నా నోట ఇంతదనుక అనలేదు. నేను బడికి పంపింది ఒకదాన్నే అనుకొంటివా? ఇద్దర్నీ పంపినా. నువ్వు పాసయినప్పుడంతా ఇద్దరూ పాసయినారు. ఆ నల్ల గౌను ఏసుకొని పట్టం తీసుకొన్న దినం కూడా ఇద్దరికీ దిష్టి తీసినా. ఇప్పుడొచ్చి ఒకదాన్ని కొట్టెయ్యమంటావు.”

చైత్రకు కోపం రావలసిన చోట రాలేదు. తాను పుట్టింది మొదలు మరొకరి జాగాలో నిలబడి హాజరు పలుకుతున్నానన్న తలపు వచ్చింది. తన గెలుపులలో తన వంతు ఎంత అని అడగబోయి, తల్లి ముఖం చూసి ఊరుకొన్నది.

అప్పుడు దాసప్ప లేచి వచ్చి ఓబమ్మ పక్కన కూర్చొన్నాడు. భార్య పక్కన ఆయన అట్లా కూర్చోవడం చైత్ర ఎన్నడూ చూసి ఎరుగదు. చేటలోని గింజలను చేత్తో సర్దుతూ మాట్లాడాడు.

“పోయినోళ్లకు నీళ్లు ఇడిసేటప్పుడు పేరు చెప్పి ఇడుస్తారు గదా ఓబీ. మా నాయనను పెద్దతిమ్మప్పా అని పిలుస్తాను, మా అమ్మను సుంకమ్మా అని పిలుస్తాను. ఆ చిన్నాకు ముందర కూచున్నప్పుడు నాకు నోరు పెగలదు. దాని పేరు ఇంకొకరు తొడుక్కొని ఈడనే తిరుగుతాండాది. ఏమని పిలవల్ల? ముప్పై నాలుగేండ్లుగా అది పేరు లేకుండా ఉండాది. దాని పేరు దానికి ఇచ్చేద్దాము.”

ఆ మాటలో శాస్త్రం చదివినవాడు వంక పెట్టగలిగింది ఏమీ లేదు. నామగోత్రాలు పలకని ఉదకం ఎవరి దోసిటిలోనూ పడదని పెద్దలు విధించినది; గొర్రెల వెంట తిరిగిన ఆ మనిషికి దాన్ని ఎవరూ నేర్పలేదు. ఓబమ్మ చేటను పక్కకు జరిపి లోపలికి పోయింది. బయటికి వచ్చినప్పుడు తల దువ్వుకొని, బయటికి కట్టే చీర కట్టుకొని ఉన్నది. బండి ఎప్పుడుంది అని మాత్రం అడిగింది.

మరునాడు పదిగంటలకు ముగ్గురూ ధనంజయ అంగడిలో ఉన్నారు. నోటరీ వకీలు పక్క గదిలో ఉన్నాడు. కాగితం తయారైతే సంతకం పెడతాడు. దాసప్ప వాకిలి దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. ధనంజయ స్టాంపు కాగితం మీద కన్నడంలో అచ్చు వేసి, ఓబమ్మ బొటనవేలికి సిరా పూసి, ఆ చేతిని కాగితం దగ్గరకు తెచ్చాడు. ఓబమ్మ చేయి వెనక్కు తీసుకొన్నది. ముందు చదవమన్నది. ధనంజయ చదవబోతే ఆపి, కూతురు చదవాలన్నది.

చైత్ర కాగితం అందుకొన్నది. కన్నడపు అక్షరాలను చూసి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. దాసప్ప భార్యనైన ఓబమ్మ అనే నేను ప్రమాణం చేసి తెలియజేయునది. నా పెద్ద కుమార్తె. అక్కడ ఆమె ఒక క్షణం ఆగింది. ఎన్నో సభలలో తన పరిశోధనను తడబడకుండా చదివిన గొంతు అది. నా పెద్ద కుమార్తె చైత్ర మరణించినది. వాక్యం పూర్తి చేసి తలెత్తలేకపోయింది. తన పేరు పెట్టి, తన గొంతుతో, తన తల్లి ఎదుట ఆ మాట పలికినప్పుడు, పలకల సందులలో విన్న ఆ సన్నని రొద ఈ జెరాక్స్ మిషను హోరులో కూడా చెవి పక్కన వినబడినట్లయింది. ఈసారి ఆమె బదులు పలకలేదు.

తక్కినది త్వరత్వరగా చదివింది. మరణించిన నెల, పూడ్చిన చోటు, రెండో కూతురు తిప్పక్క పుట్టిన కాలం. చివర ఒక పంక్తి మిగిలింది. మరణ కారణం అని రాసి, దాని ఎదుట ధనంజయ చోటు వదిలిపెట్టాడు. ఏమి రాయమంటారని అడగడం మరిచాననీ, జ్వరమని వేసేస్తాననీ అన్నాడు.

“జొరం అని ఎవరు చెప్పినారు నీకు?” అన్నది ఓబమ్మ.

అందరూ అట్లాగే అన్నారు కదా అని చైత్ర అన్నది. నిన్న అమ్మ చెప్పిందీ అదే.

“జొరమన్నారు అని చెప్పినా. అన్నోళ్లు వాళ్లు. మట్టి చేసేదానికి వచ్చినోళ్లు వాళ్లకు వాళ్లే అనుకొనిరి, నేను ఊ అన్నా. ఎట్ల పోయిందని నన్ను ఒక్కరూ అడగలేదు. ఈ కాయితమే ఇప్పుడు అడుగుతాండాది.” ఆమె సిరా అంటిన వేలిని ఆ ఖాళీ మీదికి చాపి, తాకకుండా నిలిపింది. “ఆడ నా పేరు రాయప్పా.”

మెట్టు మీది నుంచి దాసప్ప లేచి నిలబడ్డాడు.

“ఏంది ఓబీ నువ్వు అనేది?”

“నువ్వు కూచో,” అన్నది ఓబమ్మ, ఆయన వైపు చూడకుండా. “మొదుట ఆ పిల్లోన్ని రాసుకోనీ.”